మూడు ఫేజుల వెలుగు

ఉత్తర తెలంగాణ వైద్య చరిత్ర: 14వ భాగం

పెద్దపేగులోను, దాని చివర జానెడు కంటే కొంత పొట్టిగా ఉండే పురీషనాళంలోను పుట్టే క్యాన్సర్‌ను వాడుకలో పేగు క్యాన్సర్ అంటారు. 2022 నాటి అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచమంతటా ఒక్క ఏడాదిలో సుమారు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది. జనాభాతో పోల్చి చూస్తే భారతదేశంలో దీని తాకిడి పాశ్చాత్య దేశాలలో కంటే చాలా తక్కువ. అయితే ఇక్కడి రోగులలో పురీషనాళానికి సోకినవారి పాలు ఎక్కువ, జబ్బు ముదిరిన తరువాతనే ఆసుపత్రి మెట్లెక్కేవారి పాలు మరీ ఎక్కువ. కణితి కటి ఎముకలకో మూత్రాశయానికో అతుక్కుపోయినా, కాలేయానికి ఊపిరితిత్తులకు పాకినా, లేక వయసువల్లనో గుండెజబ్బువల్లనో రోగి పెద్ద ఆపరేషన్‌ను తట్టుకునే స్థితిలో లేకపోయినా, కణితిని కోసి తీసివేసి జబ్బు నయం చేసే మార్గం చాలామందికి మూసుకుపోతుంది. వైద్య గ్రంథాలు దీనిని శస్త్రచికిత్సకు లొంగని దశ అంటాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలకు ఆ సంగతి "కోతకు పనికిరాదన్నరు" అనే ఒక్క ముక్కగా చేరుతుంది.

ఆ ముక్క విన్న తరువాత కూడా రోగి నెలలు, కొన్నిసార్లు ఏడాదికి పైగా బతుకుతాడు. ఆ కాలంలో అతడిని వేధించేది క్యాన్సర్ అనే పేరు కాదు, మూడు నాలుగు మొండి బాధలు. కణితి పేగు లోపలికి పెరిగి దారిని ఇరుకు చేయడం వల్ల మలం కదలక కడుపు ఉబ్బుతుంది. కణితి మీది పుండు నుంచి రోజూ నెత్తురు కారి ఒంట్లో రక్తం తరిగిపోతుంది. జిగురు పడుతూ బట్టలు ఖరాబవుతాయి. కడుపు ఖాళీగా ఉన్నా ఇంకా ఏదో మిగిలి ఉన్నదన్న ఒత్తిడితో రోజుకు పది పదిహేనుసార్లు లేవవలసి వస్తుంది. మరుగుదొడ్డి లేని ఇంట్లో, బహిర్భూమికి చెరువుకట్ట దాకా నడవవలసిన ఊళ్లో ఈ చివరి బాధ ఒక్కటే మనిషిని ఇల్లు కదలనీయకుండా చేస్తుంది, పెళ్లికి, జాతరకు, చివరకు పక్కింటికి సైతం పోనీయదు. జబ్బును కుదర్చకుండా ఇటువంటి బాధలను మాత్రమే తగ్గించే వైద్యానికి ఉపశమన చికిత్స అని పేరు. నొప్పి లేకుండా కోయడానికి వాడే క్లోరోఫాం ఎంత సురక్షితమన్న ప్రశ్నతో 1888, 1889లలో హైదరాబాదులో జరిగిన క్లోరోఫాం కమిషన్ల కథ ఈ ధారావాహికలో ఇదివరకే వచ్చింది. కోయడానికి వీలులేని పేగు క్యాన్సర్‌కు లేజరు కాంతిని ఎలా వాడుకున్నారో, ఆ వాడకం గోదావరికి ఇటూ అటూ ఉన్న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రోగులకు ఏ మేరకు అందగలిగేదో చెప్పడం ఈ భాగం పని.

లేజరు రాకముందు, పేగు మూసుకుపోయిన రోగికి మిగిలిన దారి ఒక్కటే, పొట్ట గోడకు రంధ్రం చేసి పేగును అక్కడికి తెచ్చి కుట్టడం. శవపరీక్షలో చూసిన ఒక శిశువు పేగును బట్టి ఇది సాధ్యమేనని 1710లో ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ లిత్రే సూచించాడు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోగా ఆ దేశంలోనే సాహసించి చేసి చూసినవారున్నారు. 1776లో రూవాన్ నగరంలో పిల్లోర్ అనే శస్త్రవైద్యుడు పురీషనాళపు కణితితో దారి మూసుకుపోయిన ఒక వ్యాపారికి ఈ ఆపరేషన్ చేశాడు. కొత్త మార్గం పనిచేసింది కాని, పేగు తెరుచుకుంటుందన్న ఆశతో అంతకుముందు తాగించిన పాదరసం లోపలే నిలిచిపోయి, రోగి నెల తిరగకుండానే చనిపోయాడు. 1793లో బ్రెస్ట్ రేవులో ద్యురే మలద్వారం లేకుండా పుట్టిన శిశువుకు పొట్టమీద మార్గం చేయగా ఆ బిడ్డ బతికింది. లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ 1908లో పురీషనాళాన్ని పైనుంచి, కిందినుంచి ఏకకాలంలో కోసి పూర్తిగా తీసివేసే పద్ధతిని ప్రకటించిన తరువాత, నయమయ్యే రోగులకు సైతం పొట్టమీది మార్గం శాశ్వతంగా ఉండిపోయేది.

జిల్లా ఆసుపత్రి స్థాయిలో చేయగలిగిన ఆపరేషన్ కావడం దీని బలం. పేగు పూర్తిగా మూసుకుపోయి వచ్చిన మనిషిని ఇది ఆ రాత్రికి రాత్రే బతికిస్తుంది, ఈనాటికీ బతికిస్తున్నది. అయినా కణితి ఉన్నచోటే ఉంటుంది కాబట్టి నెత్తురు ఆగదు, జిగురు ఆగదు, ఒత్తిడి తగ్గదు. వాటికి తోడు సంచి బాధ్యత వచ్చిపడుతుంది. సంచి, దాన్ని చర్మానికి అంటించే పట్టీ, చుట్టూ పుండు పడకుండా రాసే లేపనం పెద్ద ఊళ్ల మందుల షాపుల్లో తప్ప దొరకని కాలంలో, గుడ్డపేలికలతో, పాలిథిన్ కవర్లతో కాలం గడపవలసి వచ్చేది. పొట్టమీద సంచి ఉన్న మనిషి పంక్తిలో కూర్చుని భోజనం చేయడానికి వెనకాడతాడు. ఆడమనిషి అయితే ఆ సంగతి ఇంట్లోనే దాచిపెట్టుకుంటుంది. రోగి బతకబోయేది కొద్ది నెలలే అయినప్పుడు, ఆ నెలలను సంచితో మొదలుపెట్టకుండా గడిపే ఉపాయం ఉన్నదా అన్న వెతుకులాటలోనే లేజరు పేగులోకి ప్రవేశించింది.

కాంతి పుట్టుక

లేజరు అనేది ఆంగ్ల పదాల మొదటి అక్షరాలను గుదిగుచ్చి చేసిన పేరు. ఉత్తేజిత ఉద్గారం ద్వారా కాంతిని వర్ధిల్లజేయడమని దానికి అర్థం. శక్తి నింపుకుని ఉన్న పరమాణువును ఒక కాంతి కణం తాకినప్పుడు, అచ్చంగా అదే రంగు, అదే దిశ కలిగిన రెండో కాంతి కణం దానినుంచి వెలువడుతుందని 1917 నాటి పరిశోధనలో ఐన్‌స్టీన్ చూపాడు. ఆ సూత్రం పనిముట్టుగా మారడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో హ్యూస్ పరిశోధనశాలలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజరును వెలిగించాడు. నాలుగేళ్లకే, 1964లో, అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో రెండు వేర్వేరు లేజర్లు పుట్టాయి. కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసే లేజరును తయారుచేసినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన చంద్రకుమార్ పటేల్. యాగ్ అనే కృత్రిమ స్ఫటికంలో నియోడిమియం లోహాన్ని కొద్దిపాళ్లలో కలిపి చేసిన నియోడిమియం యాగ్ లేజరు గ్యూసిక్ బృందానిది.

వైద్యులకు మొదట నచ్చింది పటేల్ లేజరే. దాని కాంతిని శరీరంలోని నీరు వెంటనే పీల్చుకుంటుంది కనుక అది చర్మాన్ని, కండరాన్ని సన్నని కత్తిలా కోస్తుంది. అదే గుణం పేగులో పనికిరాకుండా పోయింది. ఆ కాంతి మామూలు స్ఫటిక తంతువుల గుండా ప్రయాణించలేదు, అందువల్ల వంపులు తిరిగే గొట్టంలో దానిని పంపడం కుదరలేదు. నియోడిమియం యాగ్ లేజరు కాంతి కంటికి కనిపించని పరారుణ కాంతి, దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. అది వెంట్రుక వంటి క్వార్ట్జ్ తంతువు గుండా వంపులు తిరుగుతూ పోగలదు. కణజాలంలో నాలుగైదు మిల్లీమీటర్ల లోతు దాకా దిగి అక్కడ వేడి పుట్టిస్తుంది. కోత పెట్టడంలో వెనకబడిన ఈ లేజరు, మాడ్చడంలోను నెత్తురు కట్టించడంలోను ముందు నిలిచింది.

గాజుదారం గుండా వెలుగును వంచి పంపే విద్యలోనూ ఒక భారతీయుడి పాత్ర ఉంది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి తంతువుల కట్ట ద్వారా బొమ్మను ఒక కొసనుంచి మరో కొసకు పంపిన సంగతి 1954లో ప్రచురితమైంది. దాని ఆధారంగానే 1957లో అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ జీర్ణాశయంలోకి చూసే మెత్తని దర్శినిని రూపొందించాడు. నోటినుంచిగాని మలద్వారంనుంచిగాని లోపలికి పంపి చూసే ఈ గొట్టాన్ని ఎండోస్కోప్ అంటారు, పెద్దపేగు కోసం తయారైన పొడవాటి గొట్టం కొలనోస్కోప్. దర్శినిలో పనిముట్లు దూర్చే సన్నని కాలువ ఒకటి ఉంటుంది. ఆ కాలువలో లేజరు తంతువును దూర్చితే ఏమవుతుందన్న ఆలోచనకు 1970లలో జర్మనీలోని మ్యూనిక్ నగరం ప్రయోగశాల అయింది. అక్కడ గ్యుంటర్ నాథ్ తంతువును సిద్ధం చేయగా, పీటర్ కీఫ్‌హాబర్ 1975లో రక్తం కక్కుతున్న పొట్టపుండ్ల రోగులకు నియోడిమియం యాగ్ లేజరును ప్రయోగించాడు. మొదటి లక్ష్యం నెత్తురు ఆపడమే. కణితులు తరువాత వచ్చాయి. అమెరికాలో డేవిడ్ ఫ్లైషర్ బృందం 1982లో అన్నవాహిక క్యాన్సర్‌తో గుటక మింగలేని రోగులకు ఇదే లేజరుతో దారి తెరిచి చూపింది. మింగే దారి తెరవగలిగిన కాంతి విసర్జన దారిని తెరవలేదా అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మాథస్ ఫ్లీగెన్, టైట్‌గాట్ 1986లో పెద్దపేగు, పురీషనాళపు కణితులపై తమ అనుభవాన్ని వెల్లడించారు. లండన్ యూనివర్సిటీ కాలేజిలో స్టీఫెన్ బౌన్ ఈ విద్యకు ఒక కేంద్రాన్నే నిలబెట్టాడు.

గదిలో జరిగే పని

చికిత్స జరిగే తీరును దగ్గరగా చూస్తేనే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ముందు పేగును శుభ్రం చేయాలి, అదీ మామూలుగా కాదు. పెద్దపేగులో సూక్ష్మజీవులు హైడ్రోజన్, మీథేన్ వంటి మండే వాయువులను తయారుచేస్తాయి. మానిటాల్ అనే చక్కెర ద్రావణంతో శుభ్రం చేసిన పేగులో హైడ్రోజన్ మిగిలిపోయి, విద్యుత్తుతో మాడ్చేటప్పుడు నిప్పురవ్వ తగిలి పేలుడు సంభవించిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అందువల్ల రోగిని పేగు బాగా కడిగే మందులతోగాని ఎనిమాతోగాని సిద్ధం చేస్తారు, తంతువు చుట్టూ మండే గుణంలేని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతారు. ఆ వాయువు తంతువు కొసను చల్లబరుస్తుంది, దాని మీద నెత్తురు, మురికి అంటకుండా ఊదేస్తుంది కూడా.

రోగి ఎడమవైపు తిరిగి పడుకుంటాడు. మత్తుమందు అక్కరలేదు, కొద్దిగా నిద్ర పట్టించే సూది చాలు. మలద్వారపు చర్మరేఖకు పైనున్న పేగు పొరకు కోత, కాల్పు తెలియదు కాబట్టి. ఆ రేఖకు ఆనుకుని లేదా దిగువకు కణితి ఉంటే మాత్రం నొప్పి భరించరానిది, అప్పుడు మత్తు తప్పదు. గదిలో ఉన్నవారంతా ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటారు. లేజరు కాంతి కంటికి కనబడదు కనుక, అది ఎక్కడ పడుతున్నదో చూపడానికి ఎర్రని మరో బలహీన కాంతిపుంజాన్ని దానితో కలిపి పంపుతారు. వైద్యుడు దర్శినిని వీలైతే కణితికి పై కొస దాకా దూర్చి, వెనక్కి లాగుతూ ఎర్రచుక్కను కణితి మీద ఆనించి కాలితో మీట నొక్కుతాడు. తంతువు కొస కణితికి సుమారు ఒక సెంటీమీటరు దూరంలో ఉంటుంది, ఒక్కో తాపు ఒకటి రెండు సెకన్లు, శక్తి అరవై డెబ్భై వాట్లు. అరవై డిగ్రీల దగ్గర కణితి ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లబడుతుంది. అక్కడి రక్తనాళాలు ముడుచుకుపోయి నెత్తురు ఆగుతుంది. వేడి నూరు డిగ్రీలు దాటితే కణజాలంలోని నీరు ఆవిరై, కణితి పొగగా మారి గుంత పడుతుంది. ఆ పొగను ఎప్పటికప్పుడు పీల్చి తీసివేయకపోతే ఏమీ కనబడదు. తెల్లబడి చచ్చిన భాగం కొద్దిరోజుల్లో రాలిపోతుంది. రెండు మూడు రోజులు ఆగి మరో విడత, ఆపై ఇంకో విడత. ఇలా రెండు మూడు విడతల్లో వేలెడంత దారి తెరుచుకుంటుంది, మొదటి విడతతోనే చాలామందికి నెత్తురు ఆగుతుంది. రోగి ఆ సాయంత్రమే ఇంటికి పోవచ్చు.

వివిధ దేశాల కేంద్రాలు 1980లలోను, 1990ల ఆరంభంలోను వెల్లడించిన ఫలితాలను చూస్తే, సరిగ్గా ఎంచుకున్న రోగులలో పదింట ఎనిమిది తొమ్మిది మందికి నెత్తురుగాని అడ్డుగాని తగ్గింది. పేగుకు చిల్లు పడడం అన్నిటికంటె పెద్ద ప్రమాదం; నూటికి రెండు నుంచి ఐదుగురికి అది సంభవించేది. కాంతి దిగే లోతు నాలుగైదు మిల్లీమీటర్లు, ఆరోగ్యంగా ఉన్న పేగు గోడ అంతకంటే పలచన అని గుర్తుంచుకుంటే ఈ ప్రమాదం ఆశ్చర్యమనిపించదు. ఇక్కడే పురీషనాళానికి ఒక అనుకూలత ఉంది. దాని దిగువ భాగం కడుపు పొర లోపల ఉండదు, చుట్టూ కొవ్వు, కండరాల దన్ను ఉంటుంది. అక్కడ చిన్న చిల్లు పడినా పైపేగులో లాగా కడుపంతా చీముపట్టే ప్రమాదం తక్కువ. పైగా గొట్టం అంతదూరం తేలికగా వెళ్తుంది. అంటే లేజరు బాగా పనిచేసే చోటు పురీషనాళం. భారతదేశపు రోగులలో జబ్బు ఎక్కువగా ఉండే చోటు కూడా అదే. చికిత్స, జబ్బు ఇంత చక్కగా కుదిరిన దేశంలోనే ఆ చికిత్స పెద్ద నగరాలు దాటి విస్తరించకపోవడం ఈ చరిత్రలో చేదు భాగం.

లేజరు చేయలేనిదాన్ని కూడా చెప్పాలి. కణితి పేగు గోడను దాటి వెన్ను అడుగున ఉన్న నరాలను పట్టుకున్నప్పుడు పుట్టే నొప్పిని అది తగ్గించలేదు, అది నాశనం చేసేది పేగు లోపలికి కనిపించే భాగాన్ని మాత్రమే. పేగు చుట్టూ పూర్తిగా అల్లుకున్న పొడవాటి కణితులలో ఫలితం తక్కువ. అన్నిటికీ మించి, మిగిలిన కణితి మళ్లీ పెరుగుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి మళ్లీ కాల్చాలి. ఈ ఒక్క షరతు వైద్య పత్రికల్లో ఒక వాక్యంగా ఉంటుంది. ఉట్నూరులోనో మంథనిలోనో అదొక జీవితమంత బరువు.

దూరం లెక్క

ఆదిలాబాద్ నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దారి, కరీంనగర్ నుంచి సుమారు నూట అరవై ఐదు. ఐదు వారాలకొకసారి చొప్పున ఏడాదికి పది విడతలు అనుకుంటే, ఆదిలాబాద్ రోగి చికిత్స కోసం ఆరువేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు పదిసార్లు లేవవలసిన మనిషి ప్రతిసారీ ఆరేడు గంటలు బస్సులో కూర్చోవాలి. వెంట ఒక మనిషి ఉండాలి. సిరిసిల్ల మగ్గం దగ్గర, జగిత్యాల బీడీ చాట దగ్గర పనిచేసే ఇంట్లో పోను రాను రెండు రోజులూ ఇద్దరి కూలి పోతుంది. క్యాన్సర్ రోగికి, వెంట వచ్చే మనిషికి రైల్వే ఛార్జీలో రాయితీ ఉన్న మాట నిజమే, కాజీపేట, బల్లార్షా మార్గం మీద ఉన్న పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్‌ల వారికి అది అక్కరకొచ్చింది. రైలు స్టేషన్‌కు చేరడానికే సగం పూట పట్టే ఉట్నూరు గిరిజన గూడేలకు, చాలాకాలం రైలు లేని కరీంనగర్ పట్టణానికి ఆ రాయితీ కాగితం మీది మాట.

యంత్రం జిల్లాకు రాకూడదా అంటే, ఆనాటి యంత్రం స్వభావం దానికి ఒప్పుకోలేదు. 1980ల నాటి నియోడిమియం యాగ్ లేజరు బీరువా అంత పెద్దది. మూడు ఫేజుల కరెంటు దానికి ఎడతెగకుండా కావాలి, లోపలి దీపాలు, కడ్డీ వేడెక్కకుండా కుళాయి నీరు నిరంతరం ప్రవహించాలి. మూడు ఫేజుల కరెంటు అంటే ఏమిటో ఉత్తర తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. బోరుబావి మోటరుకు కావలసింది అదే, అది విడతలవారీగా, తరచు అర్ధరాత్రి వచ్చేది, రైతు టార్చిలైటు పట్టుకుని స్టార్టర్ డబ్బా దగ్గరకు పరుగెత్తేవాడు. వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా 2018 జనవరి 1న గాని రాలేదు. పట్టణాల ఆసుపత్రుల పరిస్థితి పొలాలంత అధ్వాన్నం కాకపోయినా, తరచు కోతపడే కరెంటు మీద, ఎండాకాలం ట్యాంకరు నీటి మీద నడిచే భవనంలో ఇటువంటి యంత్రాన్ని నిలబెట్టడం జరిగే పని కాదు. యంత్రం కంటే అరుదైనవాడు దానిని వాడగల వైద్యుడు. పేగు దర్శినితో నిత్యం పనిచేసే జీర్ణకోశ నిపుణులు అప్పట్లో రాష్ట్ర రాజధానిలోనే వేళ్ల మీద లెక్కించదగినంతమంది.

అందువల్ల కోతకు పనికిరాని పేగు క్యాన్సర్‌కు ఈ రెండు జిల్లాల వారికి నిజంగా అందుబాటులో ఉన్నది రేడియేషన్, అంటే కిరణాల చికిత్స. హైదరాబాదు రాష్ట్ర మంత్రిగా ఉండి తరువాత గుజరాత్‌కు మొదటి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ప్రసిద్ధమైన రెడ్‌హిల్స్ క్యాన్సర్ ఆసుపత్రి 1955లో వెలసింది. తెలంగాణ పల్లెలు దానికి పెట్టుకున్న పేరు క్యాన్సర్ దవాఖాన. పేదలకు ఉచితంగా కిరణాలు ఇచ్చే చోటు దశాబ్దాల తరబడి అదే. కిరణాల చికిత్స పురీషనాళపు కణితినుంచి నెత్తురును తగ్గిస్తుంది, లేజరుకు చేతగాని నరాల నొప్పిని సైతం కొంత తగ్గిస్తుంది. ఫలితం కనిపించడానికి వారాలు పట్టినా, ఒకసారి పట్నం వెళ్లి సత్రంలోనో బంధువుల ఇంట్లోనో కొన్నివారాలు ఉండి తిరిగొస్తే నెలనెలా పోవలసిన పని ఉండదు. కరీంనగర్ వారికి డెబ్భై కిలోమీటర్ల దూరంలోని వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి మొదటి మజిలీ. ఆదిలాబాద్ పట్టణం, బేల, జైనథ్ వైపు వారికి హైదరాబాదు కంటె నాగపూర్ వంద కిలోమీటర్లు దగ్గర, యవత్మాళ్ ఇంకా దగ్గర. మరాఠీ మాట్లాడగలిగిన ఆ ప్రాంతపు జనం ప్రాణం మీదికి వస్తే పెన్‌గంగ దాటడం పాత అలవాటు. సింగరేణి బొగ్గుగనుల కార్మికుల దారి వేరు, కంపెనీ ఆసుపత్రి చీటీ రాసి హైదరాబాదుకు పంపుతుంది. ఒకే జబ్బు, ఒకే గోదావరి గట్టు, అయినా రోగి బొగ్గుబాయిలో పనిచేశాడా పత్తిచేనులో పనిచేశాడా అన్నదాన్ని బట్టి వైద్యం మారిపోయేది. 2007లో మూడు జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ ఈ తేడాను కొంత చెరిపింది. ఆపరేషన్, కిరణాలు, మందుల ఖర్చు తెల్లకార్డు మీద నడవసాగింది. దూరాన్ని మాత్రం అది తగ్గించలేదు.

ఇంతలో లేజరు వైభవం పెద్ద నగరాల్లోనే తగ్గుముఖం పట్టింది. 1991లో దోమోతో అనే జపాన్ వైద్యుడు పురీషనాళపు అడ్డును లోహపు జాలీ గొట్టంతో తెరిచిన పద్ధతిని వెల్లడించాడు. స్టెంట్ అని పిలిచే ఈ గొట్టం సన్నగా ముడుచుకుని లోపలికి పోయి, అక్కడ తనంతట తాను విచ్చుకుని దారిని తెరిచి ఉంచుతుంది. ఒక్కసారి పెడితే నెలల తరబడి పనిచేస్తుంది గనుక దూరపు రోగికి లేజరు కంటే ఇదే మేలు. మలద్వారానికి మరీ దగ్గరగా పెడితే మాత్రం నొప్పి, ఆపుకోలేని ఒత్తిడి కలిగిస్తుంది కాబట్టి అన్నిటికంటె దిగువ కణితులకు పనికిరాదు. అదే ఏడాది జర్మనీలోని ట్యూబింగన్‌లో గ్రుండ్ ఆర్గాన్ వాయువు గుండా విద్యుత్తును పంపి కణితి పైపొరను మాడ్చే యంత్రాన్ని ఎండోస్కోపీలోకి తెచ్చాడు. దాని వేడి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు, ధర లేజరులో కొద్ది భాగం, కళ్లద్దాలూ నీటి కుళాయీ అక్కరలేదు. నెత్తురు ఆపే పనిలో సగానికి పైగా దాని చేతిలోకి పోయింది. హైదరాబాదులో డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి సంస్థలు ఎదిగి, తెలుగునేల మీద ఎండోస్కోపీ వైద్యం దేశానికే తలమానికంగా మారిన కాలం కూడా ఇదే.  అంటే జిల్లాల నుంచి వచ్చే రోగిని దర్శినితో చూడగల నిపుణులు తయారయ్యే సమయానికి, పేగు లేజరు పాతబడిన పనిముట్ల వరుసలో చేరింది. ఒక తరం వైద్య పరికరం తమ గడప తొక్కకముందే చరిత్ర అయిపోవడం వెనుకబడిన ప్రాంతాలకు కొత్త కాదు.

యంత్రం మాత్రం చావలేదు, చిన్నదైంది. ఇప్పటి డయోడ్ లేజరు సూట్‌కేసులో పడుతుంది, మామూలు ప్లగ్గుతో నడుస్తుంది, నీరు అడగదు. దానిని జిల్లాలకు తెచ్చింది క్యాన్సర్ కాదు, మొలలు. కరీంనగర్ రోడ్ల మీద, మంచిర్యాల చౌరస్తాల్లో, ఆదిలాబాద్ బస్టాండు చుట్టుపక్కల మొలలకు, లూటీలకు (భగందరానికి), చీలికలకు లేజరు చికిత్స అన్న బోర్డులు ఇప్పుడు కొల్లలు. మొలలంటే మలద్వారం దగ్గర ఉబ్బిన రక్తనాళాలు. వాటిని లేజరుతో ముడుచుకునేట్లు చేయడం వేరు, కణితిని కాల్చి దారి తెరవడం వేరు. పేరు ఒక్కటే కావడం వల్ల లేజరు పెట్టించుకుంటే లోపల ఏమున్నా పోతుందన్న నమ్మకం పాకింది. ఈ రెండు జిల్లాల్లో పేగు క్యాన్సర్ ఆలస్యంగా బయటపడడానికి పెద్ద కారణం కూడా మొలలన్న మాటే. నెత్తురు పడగానే ఇంట్లో వాళ్లు మొలలంటారు, ఊరి వైద్యుడు మొలలంటాడు, చెట్టు మందు, పసరు మందు, లేపనం, మాత్రలతో ఆరు నెలలు గడిచిపోతాయి. కడుపు ఉబ్బి, బరువు సగానికి పడిపోయాక పట్నం ప్రయాణం మొదలవుతుంది. కోతకు పనికిరాదన్న మాట ఆనాడు వినబడుతుంది గాని, అది ఖాయమైంది ఆ ఆరు నెలల్లోనే.

పురీషనాళపు కణితులు చాలావరకు వేలికి అందే దూరంలోనే ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుని వైద్యుడు చేసే వేలి పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ జరగవచ్చు. మలంలో నెత్తురు పడుతున్నవారు, మలవిసర్జన అలవాటు నెలకు పైగా మారినవారు, ముఖ్యంగా నలభై దాటినవారు, మొలలని ఎవరు చెప్పినా సరే, మందుకో లేజరుకో ఒప్పుకోకముందు ఆ పరీక్ష చేయించుకోవాలి. చేయకుండానే చీటీ రాసే వైద్యుడిని ఎందుకు చేయలేదని అడగాలి.

(వచ్చే సంచికలో: లేజరు తగ్గించలేని నొప్పి, మార్ఫిన్ మాత్ర, 1985 నాటి మత్తుమందుల చట్టం)